సాగర్ ఎడమ కాల్వ కింది పల్లె రైతన్నలకు కృతజ్ఞతలు

టేకాఫ్ అయిన కాసేపటికే ఇంజన్ ఆగి పత్తిచేన్లో దిగిన ట్రైనింగ్ విమానం దగ్గరికి ముందుగా ఉరికొచ్చింది మీరే. లోపలున్న ఇద్దరూ కోలుకుంటున్నారు. ఇలాంటి విమానాలు నడిపేవాళ్లం, రిపేరు చేసేవాళ్లం అందరం కలిసి రాస్తున్నాం.

వచ్చీరాగానే "బీడీలు ఆర్పుండ్రి" అని కేకేసిన తాతకు దండం. సెస్నా 152 అనే ఈ చిన్న ట్రైనింగ్ విమానం రెక్కల్లోని ట్యాంకులు నిండితే దాదాపు 98 లీటర్ల ఏవ్‌గ్యాస్, అంటే విమానాల పెట్రోలు. రెక్క వంగితే అది కారుతూనే ఉంటుంది, ఆవిరి నేలబారున పాకుతుంది. ట్రాలీలో పొడి మన్ను తెచ్చిపెట్టుకోవడం ఇంకా మంచి పని. మండే పెట్రోలు మీద నీళ్లు కొడితే మంట నీళ్ల మీద తేలి పక్కకు పారుతుంది.

ముక్కు దగ్గరి ఫ్యాను (ప్రొపెల్లర్) జోలికి ఒక్కరూ పోలేదు. ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే మ్యాగ్నెటోకు బ్యాటరీతో పనిలేదు. దాని ఎర్తు వైరు తెగి ఉంటే, తాళం తీసేసినా చేత్తో కాస్త తిప్పగానే ఇంజన్ అందుకోవచ్చు. చేతులు తెగేది అక్కడే.

సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి 11 కేవీ లైను ఆపించిన తమ్ముడికి, మెడ నొప్పి అన్నతన్ని బయటికి లాగనివ్వకుండా 108 వచ్చేదాకా తల కదలకుండా పట్టుకున్న ఆశా అక్కకు ఎంత చెప్పినా తక్కువే.

రన్‌వేకే వెనక్కి తిప్పొచ్చు కదా అని మీలో కొందరు అడిగారు. 400 అడుగుల ఎత్తులో ఇంజన్ ఆగితే, వెంటనే ముక్కు దించి 60 నాట్ల (గంటకు దాదాపు 111 కిలోమీటర్ల) వేగం నిలుపుకున్నా, గాలి లేనప్పుడు ఈ విమానం తిన్నగా కిలోమీటరు పైచిలుకే జారుతుంది. వెనక్కంటే సగం చుట్టు చాలదు, పక్కకు జరిగిన దూరం కూడా కలుపుకొని రన్‌వేకు సూటిగా రావాలి. 45 డిగ్రీలు వాల్చి తిప్పితే రెక్కలు గాలి పట్టు వదిలే వేగం 19 శాతం పెరుగుతుంది. అంత కింద పట్టు వదిలితే కోలుకోవడానికి ఎత్తు మిగలదు. అందుకే ఎదురుగా, అటూఇటూ 30 డిగ్రీల లోపలే చోటు వెతుకుతారు. నాటేసిన మడిలో ముందు చక్రం దిగబడి విమానం తలకిందులవుతుంది, చెలకల్లో గుండ్లుంటాయి. సాళ్ల వెంట దిగగలిగితే పత్తిచేనే నయం. నేల తాకకముందే ఫ్యూయెల్ వాల్వు మూసి, ఇగ్నిషన్, మాస్టర్ స్విచ్ ఆపి, తలుపు గడియలు తీసిపెడతారు. మీరు రాగానే తలుపు తెరుచుకుంది అందుకే.

ఇంజన్ ఎందుకాగిందో విచారణలో తేలాలి. ఇంధనంలో నీళ్లా, మరొకటా అన్నది ట్యాంకు అడుగున మిగిలిన చుక్కల్లో కూడా దొరకొచ్చు. రాత్రంతా కాపలా ఉండి, సెల్ఫీలకు కూడా ఎవరినీ దగ్గరికి రానివ్వని పిల్లలు ఆ ఆధారాన్ని కాపాడారు.

చేను ఆసామి అన్నా, విరిగిన సాళ్లు ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) సారుతో రాయించిపెట్టు. విమానాన్ని తీసుకుపోయే బాటకు పోయే సాళ్లు కూడా అందులో కలుపు.