ఇంటర్వ్యూ పిలుపుకు రెండు రోజుల గడువు ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో రెసిడెన్సీకి, అంటే డాక్టర్లు ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే స్పెషాలిటీ శిక్షణకు, దరఖాస్తు చేసిన మా అమ్మాయి, ఇంటర్వ్యూ పిలుపు ఎప్పుడు వస్తుందోనని నిరుడు అక్టోబరు నుంచి ఫోను దిండు పక్కనే పెట్టుకుని పడుకునేది. అక్కడి తూర్పు తీరంలో మధ్యాహ్నం రెండింటికి పంపిన మెయిలు మనకు రాత్రి పదకొండున్నరకు, నవంబరులో వాళ్లు గడియారాలు మార్చుకున్నాక పన్నెండున్నరకు వస్తుంది. క్యాజువాల్టీలో నైట్ డ్యూటీలో ఉండగా వచ్చిన ఒక పిలుపును ఆమె తెల్లవారుజామున చూసుకుని లింకు తెరిచేసరికి తేదీలన్నీ నిండిపోయి, వెయిటింగ్ లిస్టు మాత్రమే మిగిలింది. ఉన్న ఖాళీలకంటే ఎక్కువమందిని పిలిచి, ముందు నొక్కినవారికే తేదీ ఇచ్చారన్నమాట. పేషెంటు దగ్గర ఉన్నప్పుడు ఫోను తీయకపోవడం డాక్టరుకు ఉండవలసిన గుణమని నేను ఇన్నాళ్లూ అనుకుంటున్నాను.



సీట్ల కేటాయింపులో మాత్రం ఈ పరుగు పందెం లేదు. అభ్యర్థులూ, ప్రోగ్రాములూ (శిక్షణ ఇచ్చే ఆసుపత్రి విభాగాలు) ఇచ్చిన ప్రాధాన్య క్రమాలను బట్టి, అభ్యర్థి కోరికకు మొగ్గు చూపే పద్ధతిలో 1998 నుంచి ‘మ్యాచ్’ అనే ఈ కేటాయింపు జరుగుతోంది. దాన్ని తీర్చిదిద్దినవారిలో ఒకరైన ఆల్విన్ రోత్ 2012లో అర్థశాస్త్ర నోబెల్ పంచుకున్నారు. అయితే ఇంటర్వ్యూ చేయనివారిని ప్రోగ్రాములు మామూలుగా తమ జాబితాలో చేర్చవు కనుక, అంత జాగ్రత్తగా కట్టిన ఏర్పాటుకు గుమ్మం దగ్గరే గండి పడుతోంది.

దీనికి మందు అక్కడే ఉంది. ప్రసూతి, స్త్రీవైద్య విభాగంలో 2019–20 నుంచి పిలుపులకు ఒక ఉమ్మడి తేదీ పెట్టి, ఖాళీలు ఎన్నో పిలుపులు అన్నే పంపాలని, జవాబుకు కనీసం రెండు రోజులు ఇవ్వాలని ప్రోగ్రాములను కోరుతూ వచ్చారు. అభ్యర్థులు చివరి నిమిషంలో మానుకుంటే తేదీలు వృథా అవుతాయన్న ప్రోగ్రాముల భయం నిజమే కానీ, గడువు దాటాక తరువాతి వరసవారిని పిలిస్తే ఆ నష్టం చాలావరకు తప్పుతుంది.

అమెరికా ఆసుపత్రుల్లో రెసిడెంట్లను ఎంపిక చేసే స్థానాల్లో తెలుగు వైద్యులు ఉన్నారు. వారిలో మీ పత్రిక చదివేవారు, ఈ సెప్టెంబరు చివర దరఖాస్తులు ప్రోగ్రాములకు అందేలోగా, తమ విభాగంలో ఈ రెండు రోజుల గడువును అమలులో పెట్టించవలసిందిగా మనవి.

ఒక అభ్యర్థి తండ్రి,
గుంటూరు