సి ల్యాబ్‌లో నడిచిన ప్రోగ్రాం ఇంట్లోనూ నడవాలంటే

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంజనీరింగ్‌లోనూ డిగ్రీలోనూ సి నేర్చుకుంటున్న పిల్లలు ఏటా పడే ఒక ఇబ్బంది గురించి ఈ ఉత్తరం. ల్యాబ్‌లో టర్బో సి అనే పాత కంపైలర్ (ప్రోగ్రాంను యంత్ర భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) మీద చక్కగా నడిచిన ప్రోగ్రాంను ఇంటికెళ్లి లైనక్స్‌లో జీసీసీ అనే ఇంకో కంపైలర్‌తో కంపైల్ చేస్తే, 'కోనియో.హెచ్' అనే ఫైలే లేదంటూ మొదట్లోనే ఆగిపోతుంది. విండోస్‌లో మింగ్‌డబ్ల్యూ (జీసీసీకి విండోస్ రూపం) వేసుకున్నవాళ్లకు ఆ ఫైలు దొరుకుతుంది గానీ, అందులో తెర తుడిచే 'సీఎల్ఆర్ఎస్‌సీఆర్' ఫంక్షన్ ఉండదు కాబట్టి ఇంకో మెట్టు దాటాక ఆగుతుంది. తన ప్రోగ్రామే తప్పని విద్యార్థి బెంగపడతాడు. నిజానికి తప్పు అతనిది కాదు. ల్యాబ్ మాన్యువల్ ఒక్క కంపైలర్‌నే నమ్ముకుని తయారైంది. రెండు మూడు కంపైలర్లలో ఒకే ప్రోగ్రాం నడిచేలా రాయడానికి ప్రీప్రాసెసర్ మాక్రోలు (కంపైల్ చేసే ముందు కోడ్‌ను సవరించే దశలో పనిచేసే పేర్లు) సి భాషలోనే ఉన్నాయి. వాటిని సిలబస్‌లో ఒక పాఠంగా చెప్పి వదిలేస్తున్నాం తప్ప, ఈ పనికి వాడి చూపించడం లేదు.

పత్రిక కోసం కోడ్‌లోని పేర్లను తెలుగు అక్షరాల్లో రాస్తున్నాం. కీబోర్డు మీద మాత్రం ఇంగ్లిష్‌లోనే కొట్టాలి, అండర్‌స్కోర్లు ఎన్ని ఉంటే అన్నీ.

టర్బో సి 1987లో డాస్ కోసం వచ్చిన 16 బిట్ల కంపైలర్. నేటి 64 బిట్ల విండోస్ 16 బిట్ల ప్రోగ్రాంలను నడపదు కనుక డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్‌లో పెట్టి నడిపిస్తున్నారు. టర్బో సిలో పూర్ణాంకాల టైపు 'ఇంట్' అంటే 2 బైట్లు, పట్టే పెద్ద సంఖ్య 32767. ప్రతి ల్యాబ్‌లోనూ చేయించే ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాంనే చూడండి. 7కు 5040 అని సరిగ్గానే వస్తుంది. 8కి 40320 రావాల్సిన చోట మైనస్ 25216 వస్తుంది, ఎందుకంటే 40320లోంచి 65536 తీసేస్తే మిగిలేది అదే. అదే ప్రోగ్రాం జీసీసీలో 'ఇంట్' 4 బైట్లు కాబట్టి 12 ఫ్యాక్టోరియల్, అంటే 479001600 దాకా సరిగ్గా చెబుతుంది. ఏ యంత్రంలో ఏ జవాబు వస్తుందో కంపైలర్‌ను బట్టి మారిపోతుంటే, రికార్డులో రాసుకున్న అవుట్‌పుట్ దేనికి కొలమానం?

ప్రతి కంపైలర్ తానెవరో ముందే నిర్వచించిన కొన్ని మాక్రోల ద్వారా చెబుతుంది. టర్బో సి '__టర్బోసీ__' అని, జీసీసీ '__జీఎన్‌యూసీ__' అని, క్లాంగ్ అనే మరో కంపైలర్ '__క్లాంగ్__' అని, మైక్రోసాఫ్ట్ కంపైలర్ '_ఎంఎస్‌సీ_వెర్' అని. భాషా ప్రమాణం ఏ ఏడాదిదో '__ఎస్‌టీడీసీ_వెర్షన్__' చెబుతుంది: సి99 అయితే 199901, సి11 అయితే 201112, సి17 అయితే 201710, సి23 అయితే 202311. జీసీసీకి '-డీఎం -ఈ' అనే రెండు ఆప్షన్లు ఇచ్చి ఖాళీ ఫైలును అందిస్తే, ఆ కంపైలర్ ముందే నిర్వచించుకున్న మాక్రోలన్నీ తెర మీద పరుచుకుంటాయి. సెమిస్టర్ మొదటి వారంలోనే పిల్లల చేత ఈ పని చేయించాలి. మాక్రో అంటే పుస్తకంలోని 'పై విలువ 3.14' ఉదాహరణ ఒక్కటే కాదని అప్పుడు వాళ్ల కళ్లతో వాళ్లే చూస్తారు.

మేము కోరేది 'ల్యాబ్.హెచ్' అనే ఒక్క హెడర్ ఫైలు (ప్రోగ్రాం మొదట్లో చేర్చుకునే ఫైలు). కంపైలర్ తేడాలన్నీ అందులోనే ఉండాలి, పిల్లలు రాసే ప్రోగ్రాంలో ఒక్క '#ఇఫ్‌డెఫ్' (ఫలానా మాక్రో ఉంటేనే ఈ కోడ్ అనే షరతు) కూడా కనిపించకూడదు. లైనక్స్ కెర్నల్ వాళ్లూ ఇదే పద్ధతి పాటిస్తారు. జీసీసీ సంగతులకు ఒక హెడర్, క్లాంగ్ సంగతులకు ఒక హెడర్ విడిగా పెట్టుకున్నారు. షరతులను వీలైనంతవరకు '.సి' ఫైళ్లలో రాయవద్దని వాళ్ల కోడింగ్ నియమాల్లోనే ఉంది.

ఆ హెడర్‌లో మొదట తెర తుడిచే పని. '__టర్బోసీ__' నిర్వచితమై ఉంటే కోనియోను చేర్చి అందులోని ఫంక్షన్‌నే పిలవాలి. లేకపోతే, ఎస్కేప్ అక్షరం (సి స్ట్రింగ్‌లో వెనుక గీత 033), దాని వెంట '[2' పక్కన పెద్ద అక్షరం 'జే', మళ్లీ ఎస్కేప్, '[', పెద్ద అక్షరం 'హెచ్' ముద్రించాలి. లైనక్స్, మ్యాక్ టెర్మినళ్లు దీన్ని అర్థం చేసుకుని తెర తుడిచి కర్సర్‌ను పై మూలకు తెస్తాయి. డాస్‌లో దీనికి ప్రత్యేక డ్రైవర్ ఉండాలి కాబట్టే టర్బోకు ఆ దారి వద్దంటున్నాం. ఒక మీట నొక్కేదాకా ఆగే 'గెట్‌సీహెచ్' సంగతి కొంచెం వేరు. విండోస్‌లో ఏ కంపైలరైనా కోనియోలో ఆ సౌకర్యం ఉంది, కాబట్టి అక్కడ కంపైలర్ మాక్రోను కాకుండా '_విన్32'ను చూడాలి. లైనక్స్‌లో 'గెట్‌చార్'తో సరిపెట్టుకుంటే ఎంటర్ నొక్కాల్సి వస్తుంది. పైగా అంతకుముందు 'స్కాన్ఎఫ్' వదిలేసిన కొత్తవరుస అక్షరాన్నే అది మింగేసి, ఆగకుండా ముందుకు పోతుంది. అందుకే హెడర్‌లో రాసే ఫంక్షన్ కొత్తవరుస వచ్చేదాకా మిగిలిన అక్షరాలన్నీ చదివి పారేసి, ఆ తర్వాతే మీట కోసం ఆగాలి.

ఆపరేటింగ్ సిస్టమ్ మాక్రోనూ కంపైలర్ మాక్రోనూ కలగాపులగం చేయడం తరచుగా చూసే పొరపాటు. '_విన్32' కనబడగానే మైక్రోసాఫ్ట్ కంపైలర్ అనుకుని దాని సొంత పదాలు వాడేస్తారు. విండోస్ మీదే నడిచే మింగ్‌డబ్ల్యూ దగ్గర బండి ఆగిపోతుంది.

'ఇంట్' సైజు దగ్గర అసలు కంపైలర్ పేరే అడగనక్కర్లేదు. 'లిమిట్స్.హెచ్' చేర్చి, 'ఐఎన్‌టీ_మ్యాక్స్' 2147483647 కంటే తక్కువ కాకపోతే 'ఇంట్'ను, తక్కువైతే 'లాంగ్'ను 'పూర్ణాంకం32' అనే పేరుతో టైప్‌డెఫ్ చేస్తే చాలు. ముద్రించేటప్పుడు 'లాంగ్'గా క్యాస్ట్ చేసి '%ఎల్‌డీ' వాడాలి. టర్బోలోనైనా జీసీసీలోనైనా 40320 అని 40320 లాగే వస్తుంది. ఇక్కడ చాలామంది '#ఇఫ్ సైజాఫ్(ఇంట్) == 2' అని రాస్తారు. అది కుదరదు, ఎందుకంటే ప్రీప్రాసెసర్ పని చేసే వేళకు టైపులనేవే దానికి తెలియవు. 'సైజాఫ్' దానికి అర్థంలేని ఒక పేరు మాత్రమే.

అర్థంలేని పేర్ల మాట వచ్చింది కనుక దీని మీద కాస్త నిలబడాలి, దొంగతప్పులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. '#ఇఫ్' షరతులో నిర్వచనం లేని పేరు ఏదైనా వస్తే ప్రీప్రాసెసర్ దాన్ని నోరెత్తకుండా 0గా తీసుకుంటుంది. ఒక అండర్‌స్కోర్ తగ్గినా ఎర్రర్ ఉండదు, ఆ భాగం చల్లగా ఎగిరిపోతుంది అంతే. '-డబ్ల్యూఅన్‌డెఫ్' ఇస్తే జీసీసీ హెచ్చరిస్తుంది గానీ, '-డబ్ల్యూఆల్'లో అది కలిసి లేదు, విడిగా ఇవ్వాలి. ఇంకో వైపు నుంచి ఇదే పొరపాటు చూడండి. విజువల్ స్టూడియో 2015 ('_ఎంఎస్‌సీ_వెర్' 1900)కు ముందున్న మైక్రోసాఫ్ట్ కంపైలర్లలో, బఫర్ సైజు దాటకుండా స్ట్రింగ్ రాసే 'ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్' లేదు కదా అని '#ఇఫ్ _ఎంఎస్‌సీ_వెర్ < 1900' అని రాస్తారు. జీసీసీలో ఆ పేరు లేదు కాబట్టి అది 0, 0 ఎటూ 1900 కంటే తక్కువే, దాంతో మైక్రోసాఫ్ట్ కోసం రాసిన కోడ్ జీసీసీకి తగులుకుంటుంది. ముందు 'డిఫైన్డ్' అని అడిగి, ఆ తర్వాతే అంకె పోల్చాలి.

ఆ లోటు పూడ్చడానికి ఎన్నో చోట్ల కనిపించే చిట్కా, 'ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్'ను ముందు అండర్‌స్కోర్ ఉన్న మైక్రోసాఫ్ట్ ఫంక్షన్‌గా '#డిఫైన్' చేసేయడం. పేరు ఒకటే అయినా పని ఒకటి కాదు. పది అక్షరాల హాల్ టికెట్ నంబరును పది బైట్ల బఫర్‌లో రాయమన్నారనుకోండి. ప్రమాణం ప్రకారం తొమ్మిది అక్షరాలు రాసి పదో చోట ముగింపు సున్నా పెట్టాలి. అండర్‌స్కోర్ ఫంక్షన్ పది అక్షరాలూ రాసేసి సున్నాను వదిలేస్తుంది. ఆ స్ట్రింగ్‌ను ముద్రిస్తే నంబరు చివర మెమరీలో పక్కనున్న చెత్తంతా వచ్చి చేరుతుంది. ఒక్కోసారి పక్కన అదృష్టవశాత్తూ సున్నా ఉండి, తప్పు నెలల తరబడి బయటపడదు. అందుకే పేరు మార్చే మాక్రో వద్దు. హెడర్‌లో 'ల్యాబ్_ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్' అని సొంత ఫంక్షన్ పెట్టి, పాత మైక్రోసాఫ్ట్ కంపైలర్ అయితే చివరి బైట్‌లో తప్పనిసరిగా సున్నా రాయాలి. పై చిట్కాను షరతు లేకుండా వదిలేస్తే కొత్త విజువల్ స్టూడియోలోనూ ముప్పే. 2015 నుంచి 'ఎస్‌టీడీఐఓ.హెచ్' ఆ పేరుతో ముందే మాక్రో కనిపిస్తే ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది.

క్లాంగ్ తాను జీసీసీనేనని కూడా చెప్పుకుంటుంది. '__జీఎన్‌యూసీ__'కు 4, దాని చిన్న అంకెకు (వెర్షన్‌లో చుక్క తర్వాతి అంకెకు) 2 ఇస్తుంది, అసలు వెర్షన్ ఎంత కొత్తదైనా సరే. మ్యాక్‌లో 'జీసీసీ' అని కొడితే మామూలుగా పలికేది ఆపిల్ వారి క్లాంగే. కాబట్టి 'జీసీసీ 5 కంటే పాతదైతే ఎర్రర్' అని హెడర్‌లో పెడితే, నిన్న కొన్న మ్యాక్‌బుక్‌లో కూడా ప్రోగ్రాం ఆగిపోతుంది. ఎప్పుడూ క్లాంగ్‌ను ముందు అడిగి, జీసీసీని తర్వాత అడగాలి. వెర్షన్ పోలికలోనూ జాగ్రత్త కావాలి. 'పెద్ద అంకె 4 లేదా ఎక్కువ, చిన్న అంకె 7 లేదా ఎక్కువ' అని రాస్తే 4.7 నెగ్గుతుంది, 5.1 ఓడిపోతుంది. పెద్ద అంకెను 100తో హెచ్చించి చిన్న అంకె కలిపితే 407, 501 అవుతాయి, అప్పుడు పోలిక సరిగ్గా కుదురుతుంది.

ఒక హెడర్ ఉందో లేదో నేరుగా అడిగే '__హ్యాజ్_ఇంక్లూడ్' మంచి సాధనమే. కానీ 'అది నిర్వచితమైతే, మరియు అది ఫలానా ఫైలు ఉందంటే' అని ఒకే వరుసలో కలిపి రాయకూడదు. ఆ సౌకర్యం తెలియని కంపైలర్ కూడా వరుస మొత్తాన్ని చదివి అర్థం చేసుకోవాలి, అక్కడే తడబడి ఎర్రర్ ఇస్తుంది. బయట ఒక '#ఇఫ్‌డెఫ్', లోపల ఇంకో '#ఇఫ్', ఇలా రెండంతస్తులుగా రాస్తే బాధ ఉండదు.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, కొత్త కంపైలర్లు పాత అలవాట్లను ఇక చూసీచూడనట్లు వదలడం లేదు. 2024లో వచ్చిన జీసీసీ 14, ముందుగా ప్రకటించని ఫంక్షన్‌ను పిలిస్తే వార్నింగ్ కాదు, ఎర్రరే ఇస్తోంది. 2025లో వచ్చిన జీసీసీ 15 ఏ ఆప్షన్ ఇవ్వకపోతే సి23గా కంపైల్ చేస్తుంది. అందులో 'బూల్', 'ట్రూ', 'ఫాల్స్' భాషలోని సొంత పదాలు. పాత పుస్తకాల్లోలా వాటిని ఈనమ్‌తో మనం తయారుచేసుకుంటే చెల్లదు. హెడర్‌లో మూడు మెట్లు ఉండాలి: ప్రమాణం 202311 లేదా ఆపైన అయితే ఏమీ చేయవద్దు, 199901 లేదా ఆపైన అయితే, లేదా '_ఎంఎస్‌సీ_వెర్' 1800 లేదా ఆపైన అయితే 'ఎస్‌టీడీబూల్.హెచ్' చేర్చాలి; అదీ కాకపోతేనే సొంత నిర్వచనం. టర్బో సి++ కొత్త ఫైలుకు తనంత తాను '.సీపీపీ' అని పేరు పెడుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. పిల్లలు దాన్ని మార్చకపోతే వాళ్లు రాసే సి ప్రోగ్రాం సి++గా కంపైల్ అవుతుంది. హెడర్ మొదట్లోనే '__సీప్లస్‌ప్లస్' నిర్వచితమైతే '#ఎర్రర్'తో 'ఫైలును .సి అని సేవ్ చేయండి' అని చెప్పించడం మంచిది.

మాక్రోలతో అన్నీ కప్పిపుచ్చవద్దని కూడా చెప్పాలి. 'వాయిడ్ మెయిన్' కోసం మాక్రో అక్కర్లేదు, 'ఇంట్ మెయిన్' అని రాసి చివర 0 తిరిగి ఇస్తే టర్బోతో సహా అన్నిచోట్లా చెల్లుతుంది. బ్రాకెట్లు ఖాళీగా వదిలి ప్రకటించిన ఫంక్షన్‌కు తర్వాత ఆర్గ్యుమెంట్ ఇచ్చి పిలిస్తే సి23లో ఎర్రర్ వస్తుంది. దానికి మందు మాక్రో కాదు, ప్రోటోటైప్ (ఫంక్షన్ ఏ ఆర్గ్యుమెంట్లు తీసుకుంటుందో చెప్పే ప్రకటన) సరిగ్గా రాయడమే. '-ఎస్‌టీడీ=జీఎన్‌యూ17' అని పెట్టి పాత ప్రమాణంతో నెట్టుకురావచ్చు గానీ, ఈ ఏడాది మాన్యువల్ సరిచేసే లోపు వాడుకోవడానికే అది. '__' తో మొదలయ్యే పేర్లు కంపైలర్ వాళ్లకు కేటాయించినవి, మన మాక్రోలకు అవి పెట్టకూడదు.

విశ్వవిద్యాలయాల సిలబస్ కమిటీలకు, కళాశాలల కంప్యూటర్ విభాగాలకు మీ పత్రిక ద్వారా మా విన్నపం ఇది. వచ్చే విద్యాసంవత్సరం ల్యాబ్ మాన్యువల్ మొదటి పేజీల్లో ఇలాంటి హెడర్‌ను అచ్చువేయండి. 120 వరుసలు దాటకుండా సరిపోతుంది. మాన్యువల్‌లోని ప్రతి ప్రోగ్రాంను ముద్రణకు ముందు జీసీసీ, క్లాంగ్ రెండింటిలోనూ '-డబ్ల్యూఆల్ -డబ్ల్యూఎక్స్‌ట్రా -డబ్ల్యూఅన్‌డెఫ్' ఇచ్చి, ఒక్క వార్నింగూ లేకుండా కంపైల్ చేసి చూడండి. టర్బో సి ఇంకా ఉన్న ల్యాబ్‌లో దానితోనూ ఒకసారి చూడండి. ప్రాక్టికల్ పరీక్షలో విద్యార్థి ఏ కంపైలర్ వాడాడో రికార్డులో రాయించండి. ప్రోగ్రాం ఒక కంపైలర్‌లో నడిచి ఇంకోదాంట్లో నడవకపోతే, ఎందుకు నడవలేదో చెప్పగలిగిన విద్యార్థికి మార్కులు కోయకండి.

ఇట్లు,
సి ప్రోగ్రామింగ్ బోధిస్తున్న కొందరు అధ్యాపకులు