క్రీడల మంత్రి గారికి బహిరంగ లేఖ: జిమ్‌లో తగిలే దెబ్బలూ లెక్కలోకి రావాలి

కేంద్ర క్రీడల శాఖ మంత్రి గారికి నమస్కారం.

1974 అక్టోబరు 30న ఆఫ్రికాలోని కిన్షాసాలో ముహమ్మద్ అలీ అప్పటి ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ జార్జ్ ఫోర్‌మన్‌ను పడగొట్టిన ఎనిమిదో రౌండును కుర్ర బాక్సర్లు నేటికీ చూస్తారు. దాని వెనకున్న అలవాటే వాళ్లకు తెలియదు. ప్రాక్టీసులో రింగ్ తాళ్లకు ఆనుకుని, స్పారింగ్ (జిమ్‌లో జరిగే సాధన పోటీ) చేసేవాళ్ల చేత కావాలనే కొట్టించుకునేవాడు అలీ. పొట్ట కండరాలు అలా గట్టిపడతాయేమో గానీ మెదడు గట్టిపడదు. అలీ రికార్డులో 61 పోటీలున్నాయి, జిమ్ రౌండ్లు లేవు.

1977లో బాక్సర్ ఎర్నీ షేవర్స్‌తో పోటీ అయ్యాక కిడ్నీలు దెబ్బతిన్నాయన్న ల్యాబ్ రిపోర్టును అలీ వెంట ఉండే డాక్టర్ ఫెర్డీ పచేకో అలీకీ, దగ్గరివాళ్లకీ పంపారు. ఒక్కరూ బదులివ్వకపోవడంతో ఆయన తప్పుకున్నారు. 1980 మొదట్లో మద్రాసు వచ్చి జిమ్మీ ఎలిస్‌తో ప్రదర్శన పోటీ ఆడిన అలీ, అదే ఏడాది అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రిలో పరీక్ష చేయించుకున్నాడు. ఒంటికాలి గెంతులో చురుకు తగ్గిందనీ, వేలితో ముక్కు తాకబోతే గురి కాస్త తప్పుతోందనీ రాశారు. అయినా అమెరికాలోని నెవాడా రాష్ట్రం పోటీకి లైసెన్సు ఇచ్చింది. అక్టోబరు 2న అప్పటి ఛాంపియన్ లారీ హోమ్స్ చేతిలో పది రౌండ్లు దెబ్బలు తిన్నాడు. మరుసటి ఏడాది బహామాస్ వెళ్లి మళ్లీ రింగెక్కాడు. 1984లో పార్కిన్సన్ (ఒళ్లు వణికించే నరాల జబ్బు) లక్షణాలు బయటపడ్డాయి. దానికి దెబ్బలే కారణమా అన్నదానిపై వైద్యుల్లో వాదన ఉంది. తలదెబ్బలు చేటన్నదానిపై లేదు.

తలదెబ్బతో పోటీ ఆగితే కనీసం 30 రోజుల సస్పెన్షన్ అన్న నియమం ఉంది. కానీ ఆ నెలలో జిమ్‌లో స్పారింగ్ జరిగితే పట్టుకునేదెవరు? హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా కాపాడుతుంది, పుర్రెలో మెదడు కదలకుండా ఆపలేదు. 16 ఔన్సుల గ్లవ్స్ మెత్తన కదా అని రౌండ్లు పెంచేస్తారు. రాత్రి తలనొప్పి వస్తే బరువు తగ్గించుకోవడానికి నీళ్లు మానేసినందువల్లే అని సరిపెట్టుకుంటారు. నిజంగానే తలదెబ్బ వల్ల వచ్చే నొప్పీ, నీళ్లు మానేస్తే వచ్చే నొప్పీ ఒకేలా ఉంటాయి. అందుకే ప్రతి బాక్సర్‌కూ సీజన్‌కు ముందే పరీక్ష జరగాలి. ఒంటికాలిపై నిలబడటం, వేలు-ముక్కు, చెప్పిన మాటలు కాసేపాగి తిరిగి చెప్పడం, ఇవన్నీ రాసిపెట్టాలి. దెబ్బ తగిలాక ఆ బాక్సర్ పాత ఫలితంతోనే పోల్చాలి.

దెబ్బ తగిలాక ఒకటి రెండు రోజులు విశ్రాంతి, తర్వాత నడక, షాడో (గాలిలో పంచ్‌లు), బ్యాగ్ (వేలాడే సంచిపై పంచ్‌లు), ప్యాడ్స్ (కోచ్ పట్టిన మెత్తలపై పంచ్‌లు). మెట్టుకూ మెట్టుకూ కనీసం 24 గంటలు. లక్షణం తిరిగొస్తే ఒక మెట్టు వెనక్కి. సస్పెన్షన్ గడువు తీరి, డాక్టర్ సంతకం పెట్టాకే స్పారింగ్.

ప్రతి బాక్సర్ మెడికల్ పుస్తకంలో వారంవారీ స్పారింగ్ రౌండ్లు, ఎదుటివాడి బరువు, తల తిరిగిన దెబ్బలు నమోదు చేయించండి. ఒక రాష్ట్రంలో ఆపిన బాక్సర్ ఇంకో రాష్ట్రంలో రింగెక్కకుండా ఆ వివరాలు ఆన్‌లైన్‌లో అన్ని రాష్ట్రాల డాక్టర్లకూ కనపడాలి. స్పారింగ్‌కు సంతకం పెట్టే డాక్టర్ జీతం మాత్రం కోచ్ చేతిలోనో నిర్వాహకుల చేతిలోనో ఉండకూడదు.

ఇట్లు,
బాక్సింగ్ కోచ్‌లు, రింగ్‌సైడ్ వైద్యులు