మీ నొప్పి జెల్ ట్యూబు మీద లేని ఒక్క వాక్యం గురించి

కస్టమర్ కేర్ విభాగం అధికారి గారికి,
ఔషధ భద్రతా విభాగం అధికారి గారికి,

విషయం: డైక్లోఫెనాక్ జెల్ ప్యాకింగ్ మీద పెంపుడు జంతువుల గురించి హెచ్చరిక లేకపోవడం, దానివల్ల మా పిల్లి చనిపోవడం, మీ కస్టమర్ కేర్ ఇచ్చిన జవాబు.

అయ్యా / అమ్మా,

మీ కంపెనీ తయారుచేసే డైక్లోఫెనాక్ నొప్పి జెల్‌ను మా అమ్మ డాక్టర్ గారు చెప్పిన ప్రకారమే వాడింది. ఆ జెల్ మా పిల్లి కడుపులోకి పోయి, కిడ్నీలు దెబ్బతిని అది చనిపోయింది. మా అమ్మ మోకాలు ఇంకా పూర్తిగా వంగడం లేదు. ఈ రెండు బాధలూ ఇప్పుడు మా ఇంట్లో ఒకదాన్నొకటి పెంచుతున్నాయి. అందుకే ఈ ఉత్తరం కాస్త పెద్దదైనా చివరిదాకా చదవమని కోరుతున్నాను.

అమ్మ మెట్ల మీద జారిపడింది. మోకాలి కింద ఎముక విరిగితే ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. ఎముక అతికింది, కుట్లు మానాయి. కానీ చాలాకాలం కదలకుండా ఉండడంతో మోకాలు బిగుసుకుపోయింది. ఫిజియోథెరపిస్ట్ వచ్చి కాలు వంచేటప్పుడు అమ్మ పెట్టే కేకలు పక్కగదిలోంచి వినడం మాకు చాలా కష్టంగా ఉండేది. నొప్పి మాత్రలు వేసుకుంటే కడుపులో మంట వస్తోందని, ఈ వయసులో కిడ్నీల మీద కూడా భారం పడుతుందని డాక్టర్ గారు మాత్రలు ఆపేసి జెల్ రాశారు. జెల్ రాసుకున్న తర్వాత వ్యాయామం కొంచెం సులువయ్యేది. మీ మందు పనిచేయలేదని నేను అనడం లేదు. బాగానే పనిచేసింది.

మల్లి మా పిల్లి. చిన్న పిల్లగా మా ఇంటికి వచ్చినప్పటి నుంచీ అమ్మ వెంటే తిరిగేది. అమ్మ మంచం పట్టాక అసలు ఆ గది వదిలేది కాదు. అమ్మ కాలు చాపుకుని కూర్చుంటే వచ్చి మోకాలి పక్కనే ఒరిగి, గడ్డం మోకాలి మీద ఆన్చి పడుకునేది. లేచాక ముందు కాలు నాకి, ఆ కాలితో మొహం తుడుచుకుని, తర్వాత తీరిగ్గా ఒళ్లంతా నాకి శుభ్రం చేసుకునేది. పిల్లి ఉన్న ఏ ఇంట్లోనైనా రోజూ కనిపించేదే ఇది. నొప్పితో నిద్రపట్టని రాత్రుల్లో అమ్మ దాని వీపు నిమురుతూ ఉండిపోయేది. "మందు కంటే ఇదే నయం" అని ఫిజియోథెరపిస్ట్‌తో అనేది. ఆ అమ్మాయి కూడా మల్లి పక్కనుంటే అమ్మ మరికొన్ని సార్లు కాలు వంచుతోందని గమనించి, దాన్ని గదిలోనే ఉండనిమ్మని చెప్పింది.

మీ కాగితం మీద ఏముందో నేను వాక్యం వాక్యం చదివాను. పైపూతకు మాత్రమే అని ఉంది. కళ్లకు, నోటికి, తెగిన చర్మానికి తగలనివ్వవద్దని ఉంది. పిల్లలకు అందకుండా ఉంచమని, రాసిన తర్వాత చేతులు కడుక్కోమని ఉంది. కనీసం గంటసేపు రాసినచోట కడగవద్దని కూడా ఉంది. ఇవన్నీ మేం పాటించాం. పెంపుడు జంతువులు ఆ చోట నాకకుండా చూసుకోవాలని గానీ, జెల్ వాటి బొచ్చుకు అంటకూడదని గానీ ఎక్కడా లేదు. ట్యూబు మీద లేదు, అట్టపెట్టె మీద లేదు, లోపల మడతపెట్టి ఉంచిన కాగితంలోనూ లేదు.

మల్లి మొదట తిండి మానేసింది. ఇంట్లో అందరం దిగులుగా ఉన్నాం కాబట్టి అదీ దిగులు పెట్టుకుందేమో అనుకున్నాం. తర్వాత వాంతులు మొదలయ్యాయి. నీళ్ల గిన్నె దగ్గర నుంచి లేచేది కాదు. విరోచనం తారులా నల్లగా వచ్చింది. వెటర్నరీ డాక్టర్ గారు రక్తపరీక్ష చేయించి, కిడ్నీలు బయటికి పంపాల్సిన క్రియాటినిన్, యూరియా అనే వ్యర్థాలు రెండూ రక్తంలో బాగా పెరిగాయని, కిడ్నీలు దెబ్బతిన్నాయని చెప్పారు. ఇంట్లో లిల్లీ మొక్కలున్నాయా అని అడిగారు, ఎందుకంటే లిల్లీలు పిల్లుల కిడ్నీలను పాడుచేస్తాయట. లేవు. స్కానింగ్‌లో రాళ్లు గానీ, మూత్రం అడ్డుపడడం గానీ కనిపించలేదు. అప్పుడు ఆవిడ అడిగిన ప్రశ్న నాకింకా చెవుల్లో ఉంది: "ఇంట్లో ఎవరైనా నొప్పి జెల్ రాసుకుంటున్నారా?"

మల్లి గడ్డం కింద బొచ్చు ముద్దలు కట్టి ఉంది. ఆవిడ చేత్తో విడదీసి వాసన చూశారు. నేనూ చూశాను. అమ్మ గదిలో ఉండే వాసనే.

ఆవిడ మాకు వివరంగా చెప్పింది మీ విభాగానికి కొత్త సంగతేమీ కాదు. అయినా మీ కస్టమర్ కేర్‌లో నాతో మాట్లాడిన వారికి తెలియలేదు కాబట్టి రాస్తున్నాను. డైక్లోఫెనాక్ లాంటి మందులు శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవకుండా ఆపుతాయి. నొప్పి, వాపు తగ్గేది అందువల్లే. అవే ప్రోస్టాగ్లాండిన్లు కడుపు లోపలి పొరను కాపాడతాయి, కిడ్నీలకు రక్తం సరిగ్గా అందేలా చూస్తాయి. పిల్లి కాలేయానికి ఇలాంటి చాలా మందులను విరిచి బయటికి పంపే శక్తి మనిషితో పోలిస్తే తక్కువ. అందుకని కొంచెం మందు లోపలికి పోయినా ఎక్కువసేపు ఉండిపోయి హాని చేస్తుంది. కుక్కలకూ ఈ మందుతో ప్రమాదమేనని ఆవిడ చెప్పారు.

ఇక మోతాదు సంగతి. 1 శాతం జెల్ అంటే ఒక్కో గ్రాములో 10 మిల్లీగ్రాముల మందు. మోకాలికి ఒకసారికి 4 గ్రాములు, రోజుకు నాలుగుసార్లు అని రాస్తారు. అంటే రాసిన ప్రతిసారీ చర్మం మీద 40 మిల్లీగ్రాములు పడుతుంది. జెల్ రాసుకుంటే రక్తంలోకి వెళ్లే మందు, మాత్ర వేసుకున్నప్పుడు వెళ్లే దానిలో సుమారు 6 శాతమే. మా అమ్మలాంటి వారికి మాత్ర బదులు జెల్ ఇవ్వడానికి కారణం ఇదే. మిగతాదంతా ఎక్కడుంటుంది? చర్మం మీద, దుప్పటి మీద, మోకాలి కింద పెట్టుకునే దిండు మీద, చేతులు తుడుచుకున్న గుడ్డ మీద ఉంటుంది. నాలుగైదు కిలోల బరువుండే జంతువు పడుకునేది సరిగ్గా అక్కడే.

ఇలా జరుగుతుందని ఎవరూ ఊహించలేరని మీరు అనడానికి లేదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015 ఏప్రిల్‌లోనే ఈ విషయమై హెచ్చరిక జారీచేసింది. అది ఫ్లర్బిప్రొఫెన్ అనే ఇదే జాతి మందు ఉన్న పైపూత గురించి. రెండు ఇళ్లలో యజమానులు తమ మెడకో పాదాలకో ఆ పూత రాసుకున్నారు. పిల్లులకు ఎవరూ రాయలేదు. ఒక ఇంట్లో రెండు పిల్లులకు కిడ్నీలు దెబ్బతిన్నా వైద్యంతో కోలుకున్నాయి. ఇంకో ఇంట్లో పిల్లులు చనిపోయాయి. తిండి మానేయడం, వాంతులు, నల్లటి విరోచనం అని అందులో రాసిన లక్షణాలు చదువుతుంటే మల్లి గురించే రాసినట్టు అనిపించింది. మందు అంటిన గుడ్డలను జాగ్రత్తగా పారేయమని, బట్టల మీద, తివాచీల మీద, కుర్చీల మీద మందు మిగలకుండా చూడమని, రాసినచోట కప్పి ఉంచవచ్చేమో డాక్టర్‌ని అడగమని, జంతువుకు అంటితే వెంటనే బాగా కడిగి వైద్యుడికి చూపించమని అందులో ఉంది. ఇంత సులువైన సలహాలు అన్నేళ్ల కిందటే రాసి ఉన్నాయి. మీ అట్టపెట్టె మీద వాటికి చోటు దొరకలేదు.

డైక్లోఫెనాక్ విషయంలో అయితే ఇంకా పెద్ద ఉదాహరణే ఉంది. ఈ మందు ఇచ్చిన పశువుల కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు పాడై చనిపోతున్నాయని 2004లో శాస్త్రవేత్తలు బయటపెట్టారు. 2006లో భారతదేశం పశువైద్యంలో ఈ మందును నిషేధించింది. పక్షి వేరు, పిల్లి వేరు, నాకు తెలుసు. కానీ మనుషులకు మేలుచేసే ఈ మందు ఇతర జీవుల కిడ్నీలను దెబ్బతీయగలదన్న సంగతి ఏ మందుల కంపెనీ అయినా తెలియదని చెప్పడానికి లేదు.

ఇప్పుడు మీ కస్టమర్ కేర్ గురించి. వెటర్నరీ డాక్టర్ గారు సెలైన్ పెట్టి, జెల్‌లో డైక్లోఫెనాక్‌తో పాటు ఇంకేమేం ఉన్నాయో, ఎంతెంత ఉన్నాయో వెంటనే కనుక్కోమన్నారు. కొన్ని నొప్పి జెల్‌లలో మిథైల్ శాలిసిలేట్ కూడా ఉంటుందని, అదీ పిల్లులకు ప్రమాదమేనని, దాన్నిబట్టి వైద్యం మారుతుందని చెప్పారు. ట్యూబు మడతల్లో అక్షరాలు చెరిగిపోయాయి. ట్యూబు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. చాలాసేపు రికార్డు చేసిన గొంతే వినిపించింది. చివరికి మాట్లాడిన వ్యక్తి, "ఇది మనుషుల కోసం తయారుచేసిన మందు మేడమ్, జంతువులకు వాడకూడదు" అన్నారు. మేం జంతువుకు వాడలేదని ఎన్నిసార్లు చెప్పినా ఆ ఒక్క వాక్యమే తిప్పి తిప్పి చెప్పారు. అందులో ఏమేం కలిపారో మాత్రం చెప్పలేకపోయారు. తెలిసినవాళ్లకు కలపమంటే, మెయిల్ పెట్టమన్నారు. మెయిల్‌కు జవాబు మల్లి చనిపోయాక వచ్చింది. అందులో ట్యూబు ధర వెనక్కి ఇస్తామని ఉంది. మా ఫిర్యాదు "పరిష్కరించబడింది" అని కూడా ఉంది.

ఆ డబ్బు మాకు వద్దు. ఆ మాటను మీ రికార్డుల్లోంచి తీసేయండి. ఏదీ పరిష్కారం కాలేదు.

ఫోన్ ఎత్తిన మనిషి మీద నాకు కోపం లేదు. తన ముందు స్క్రీన్ మీద ఉన్నదే ఆయన చదివారు. ఆ స్క్రీన్ మీద ఏముండాలో నిర్ణయించే వారికే నేనీ ఉత్తరం రాస్తున్నాను.

మా ఇంట్లో ఇప్పుడు పరిస్థితి ఏమిటో కూడా మీకు తెలియాలి. కారణం ఏమిటో అమ్మకు చెప్పకూడదని నాన్న అన్నారు. కానీ అమ్మ మా మాటలు విన్నది. అప్పటి నుంచీ, "నా చేత్తో నేనే దానికి విషం పెట్టినట్టయింది కదే" అంటోంది. అందులో నీ తప్పేముంది అని అందరం చెప్పాం, డాక్టర్ గారు కూడా చెప్పారు. తలాడిస్తుంది గానీ మనసుకు పట్టించుకోదు. జెల్ ముట్టుకోనంటోంది. ఆ వాసన వస్తే గదిలోంచి తీసుకుపొమ్మంటుంది. నొప్పికి వేరే మందు పడదు, నొప్పి తగ్గనిదే వ్యాయామం సాగదు, వ్యాయామం సాగకపోతే వంగుతూ వస్తున్న మోకాలు మళ్లీ బిగుసుకుంటుంది. ఫిజియోథెరపిస్ట్ కొలత తీసి, కిందటిసారి కంటే తక్కువ వంగుతోందని చెప్పినప్పుడు అమ్మ మొహంలో ఏ బాధా కనిపించలేదు. మాకు ఎక్కువ భయం వేసింది దానికే.

పిల్లి కదా, ఇంకోటి తెచ్చుకోండి అని మాతో అన్నవాళ్లున్నారు. మీ ఆఫీసులో కూడా ఎవరైనా అలా అనుకోవచ్చు. ఆపరేషన్ తర్వాత మా అందరికీ ఉద్యోగాలు, చదువులు ఉన్నాయి. పగలంతా అమ్మ పక్కన ఉన్నది మల్లి ఒక్కతే. మా తమ్ముడు ఇప్పటికీ తలుపు తీసేటప్పుడు అది బయటికి పరిగెత్తకుండా కాలు అడ్డం పెడుతున్నాడు.

మేం అడిగేవి ఇవి. ట్యూబు మీద, అట్టపెట్టె మీద, లోపలి కాగితంలో, మామూలు మనిషి కంటికి ఆనే అక్షరాల్లో ఈ మాట వేయండి: "పెంపుడు జంతువులు ఈ మందు రాసిన చోట నాకకుండా, దానికి తగలకుండా చూసుకోండి. నాకితే వాటి ప్రాణానికి ప్రమాదం. వెంటనే పశువైద్యుడికి చూపించండి." కొత్త ప్యాకింగ్ తయారయ్యేలోగా మందుల షాపులకు, డాక్టర్లకు, ఫిజియోథెరపిస్టులకు లిఖితపూర్వకంగా తెలియజేయండి. జెల్ రాసుకునేవారిని రోజూ చూసేది వాళ్లే. కస్టమర్ కేర్‌లో ఎవరు ఫోన్ ఎత్తినా జెల్‌లో ఏమున్నాయో పశువైద్యుడికి అప్పటికప్పుడు చెప్పగలిగేలా ఏర్పాటు చేయండి. జంతువు మందు నాకిన తొలి గంటల్లో అయితే వాంతి చేయించడానికి, కడుపులోని విషాన్ని పీల్చుకునే బొగ్గు మందు పట్టించడానికి అవకాశం ఉంటుంది. తర్వాత ఆ అవకాశం పోతుంది. మా కేసును దుష్ప్రభావాల నివేదికల్లో నమోదు చేసి, ఆ నమోదు నంబరు మాకు పంపండి.

చివరగా ఇంకొకటి. ఇది మా అమ్మ కోసం. మీ వైద్య విభాగం నుంచి బాధ్యత గల ఒకరి సంతకంతో అమ్మ పేరు మీద ఒక ఉత్తరం కావాలి. చెప్పిన ప్రకారమే ఆవిడ మందు వాడిందని, చెప్పాల్సిన జాగ్రత్త కంపెనీ చెప్పలేదని అందులో రాయండి. మేం చెబితే తనను ఓదార్చడానికి అంటున్నామనుకుంటోంది. మందు తయారుచేసినవాళ్లే చెబితే నమ్ముతుందేమో, మళ్లీ జెల్ రాసుకుని కాలు వంచుతుందేమో అని మా ఆశ.

నెలరోజుల్లో జవాబు రాకపోతే, ఇవే కాగితాలతో ఔషధ నియంత్రణ అధికారులకు, వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేస్తాం. దానికి వెటర్నరీ డాక్టర్ గారు కూడా రాతపూర్వకంగా తన అభిప్రాయం ఇస్తానన్నారు.

జతచేసినవి: ట్యూబు, అట్టపెట్టెల ఫోటోలు (బ్యాచ్ నంబరు కనిపించేలా), కొన్న రసీదు, అమ్మకు డాక్టర్ గారు రాసిన చీటీ, మల్లి రక్తపరీక్ష, స్కానింగ్ రిపోర్టులు, వెటర్నరీ డాక్టర్ గారి నివేదిక, మీ కస్టమర్ కేర్ పంపిన మెయిల్ ప్రతి.

ఇట్లు,
మీ జెల్ వాడిన పేషెంటు కూతురు