ఆడినవాళ్ల పేర్లు కూడా వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర ఒక పల్లె. పోయిన ఆదివారం మీ సాహిత్యం పేజీలో ఒకరు రాశారు, పాత ఇంగ్లీషు కవిత్వం అంటే రాజుల్నీ దొరల్నీ పొగడ్డమేనని. నేను ఎం.ఏ. ఇంగ్లీషు చదివాను, ఆ పద్యాలు ఇప్పటికీ తీసి చదువుకుంటూ ఉంటాను, అందుకే ఆ మాట దగ్గర ఆగిపోయాను. పొగిడినవాళ్లు ఉన్నారు, కాదన్ను, కానీ పేరు అనేది ఎవరికి వస్తాది ఎవరికి రాదు అని నిలదీసినవాళ్లు కూడా వాళ్లలోనే ఉన్నారు కదండీ.

ఇంగ్లీషు కవి చాసర్ 1380 ప్రాంతంలో రాసిన హౌస్ ఆఫ్ ఫేమ్ అనే కావ్యం చూడండి. అందులో కీర్తి ఒక మహారాణి, కొలువు తీరి కూర్చుంటాది, జనం గుంపులు గుంపులుగా వచ్చి మేం మంచి పనులు చేశాం మాకు పేరు ఇప్పించమ్మా అంటారు, మొదటి మూడు గుంపులూ చేసింది మంచే, అయినా ఒక గుంపుని మీకు ఏ పేరూ లేదు పొమ్మంటాది, ఇంకో గుంపుకి చెడ్డపేరు, మూడో గుంపుకి చేసినదానికంటే ఎక్కువ పేరు. ఎందుకమ్మా అంటే నా ఇష్టం అంటాది. ఆవిడ కోట మంచుగడ్డ కొండ మీద ఉంటాది, ఆ మంచులో పేర్లు చెక్కి ఉంటాయి, ఎండ తగిలే వైపు పేర్లు కరిగిపోయి అక్షరం పోల్చుకోలేం, రెండోవైపు పేర్లు మాత్రం నిన్న చెక్కినట్టే ఉంటాయి, వాటి మీద కోట నీడ పడతాది కాబట్టి.

ఈ చోటు చదివినప్పుడల్లా నాకు మా తాతే గుర్తొస్తాడు. తప్పెటగుళ్ల జట్టుకి ముందుండి పాడేవాడు, రొమ్ముకి తప్పెట, కాళ్లకి గజ్జెలు, రాత్రి మొదలెడితే తెల్లారేదాకా, ఆయన వస్తున్నాడంటే పక్క ఊళ్లనుంచి బళ్లు కట్టుకుని వచ్చేవారంట. ఆయన పాడిందాంట్లో ఒక్క చరణం కూడా రాసి లేదు. ఫొటో కూడా లేదు. కోట నీడ పడలేదు మరి.

థామస్ గ్రే అనే ఇంకో ఇంగ్లీషు కవి 1751లో అచ్చయిన ఎలిజీలో, అంటే పోయినవాళ్ల మీద రాసిన పద్యంలో, పల్లెటూరి సమాధుల మధ్య నిలబడి, ఇక్కడ పేరు లేని మూగ మిల్టన్ ఎవరైనా పడుకుని ఉండొచ్చు అంటాడు, మిల్టన్ అంటే ఇంగ్లీషువాళ్ల మహాకవి. నాకు చాలా ఇష్టమైన పద్యం, కానీ మా తాత మూగవాడు కాదండీ, పాడాడు, ఊళ్లన్నీ విన్నాయి, రాసుకున్నవాడే లేడు. ఆ గ్రే 1757లో ఆస్థానకవి పదవి ఇస్తామంటే వద్దన్నాడు. అదే ఏడాది జనవరిలో ఇక్కడ బొబ్బిలి యుద్ధం జరిగింది. తాండ్ర పాపారాయుడు పేరు మన పిల్లలందరికీ తెలుసు, ఆ కథని ఊరూరా తిరిగి పాడి మనదాకా తెచ్చినవాళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు?

నేను ఇంత రాసింది ఒక్క విషయం అడగడానికే. పైడితల్లమ్మ సిరిమాను పండగ వార్తలు చూడండి, మీ పేపర్లోనే అని కాదు, ఎందులోనైనా, వేదిక మీద కూర్చున్నవాళ్ల పేర్లు హోదాలతో సహా వరసగా ఉంటాయి, ఎండలో ఆడినవాళ్ల దగ్గరికొచ్చేసరికి తప్పెటగుళ్లు ఆకట్టుకున్నాయి అని ఒక్క ముక్క. జట్టు నాయకుడి పేరు, ఊరు, ఆ రెండూ వేస్తే చాలు. ఈ ఏడు పండక్కి మా ఊరి జట్టు వస్తాది, పద్నాలుగు మంది, మీ విలేకరి గారు అడిగితే అందరి పేర్లూ నేనే కాయితం మీద రాసి ఇస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, చీపురుపల్లి మండలం