ఇసుకలో ఆడిస్తే మాటలొస్తాయా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో, నెల్లూరులో కొత్తగా తెరిచిన ‘సెన్సరీ స్పీచ్ థెరపీ’ కేంద్రం, అంటే స్పర్శతో, కదలికతో పిల్లలకు మాటలు తెప్పిస్తామనే చోటు గురించి సగం పేజీ కథనం వేశారు. ప్రజాప్రతినిధి రిబ్బన్ కత్తిరిస్తున్న ఫొటో, పక్కనే రంగు బంతుల తొట్టిలో ఒక బిడ్డ ఫొటో, ‘మూడు నెలల్లో మాటలు గ్యారంటీ’ అని హెడ్డింగు. ఎవరైనా డాక్టరుగారు జవాబు రాస్తారులే అని ఊరుకున్నా. ఎవరూ రాయలేదు. పైగా మా వీధిలో తల్లులు ఆ కటింగు పట్టుకొచ్చి అడ్రసు చెప్పమని అడుగుతుంటే ఇక ఉండబట్టలేక రాస్తున్నా.

నా మనవణ్ణి ఇలాంటి చోటుకే తిప్పినవాణ్ణి. ఇది కాదు, వేరొకటి, పేరెందుకులే. ఊయల ఊపడం, ఒంటి మీద బ్రష్‌తో రుద్దడం, ఇసుకలో, రంగు బియ్యంలో చేతులు పెట్టించడం, బుగ్గల లోపల గుయ్యిమనే మిషను తిప్పడం, బూర ఊదించడం. అంతా తలుపేసుకుని. మేమేమో బయట ప్లాస్టిక్ కుర్చీల్లో. లోపల ఏం చేశారో, ఇంటికెళ్లి మేమేం చేయాలో ఒక్క ముక్క చెప్పిన పాపాన పోలేదు. గోడకు తగిలించిన సర్టిఫికెట్ దగ్గరికెళ్లి చదివితే, అది ఆన్‌లైన్లో మూడు రోజుల శిక్షణకు ఇచ్చింది. మా అవ్వ కూడా పిల్లలకు మాటలు రావాలని వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసేది. ఫీజు అడిగేది కాదు, అంతే తేడా.

స్పర్శతో, కదలికతో పనే లేదని నేననను. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని మంచం కిందికి దూరే పిల్లలున్నారు. తల దువ్వబోతే కేకలు పెట్టేవాళ్లున్నారు. వాళ్లను కుదుటపరచడానికి, రోజువారీ పనులు నేర్పడానికి ఆక్యుపేషనల్ థెరపిస్టులున్నారు. అసలీ పద్ధతికి అమెరికాలో జీన్ ఎయిర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు 1970ల నాటికే ఒక రూపం తెచ్చారు. అయితే అదే దేశంలోని పిల్లల డాక్టర్ల సంఘం, దీని మీద జరిగిన పరిశోధన తక్కువ, ఇంకా ఏదీ గట్టిగా తేలలేదు, ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పండి అని 2012లో తన డాక్టర్లకు సూచించింది. అక్కడ తేలనిది ఇక్కడ గ్యారంటీ ఎట్లా అయిందో మీ విలేకరి అడగొద్దా? బూర ఊదిస్తే బూర ఊదడం వస్తుంది. మాటలు రావాలంటే బిడ్డతో మాట్లాడాలి.

ఆ సంగతి మాకు చెప్పింది చివరికి ఒక సర్కారు ఆసుపత్రిలోని స్పీచ్ థెరపిస్టు. చెవి పరీక్ష చేయించారా అన్నది ఆమె మొదటి ప్రశ్న. అన్నాళ్లూ వేలకు వేలు తీసుకున్నవాళ్లు ఆ ఒక్క మాట అడగలేదు! బెరా అనే వినికిడి పరీక్ష రిపోర్టు చూశాకే మిగతాది మొదలుపెట్టింది. మా అమ్మాయిని కూడా పక్కనే కూర్చోబెట్టుకుని, గిన్నెలో కందిపప్పు పోసి వాడి చేయి పెట్టించింది. వాడు గుప్పెట బిగించగానే “పప్పు” అని ఊరుకుంది. వాడు తలెత్తి తన ముఖం చూసేదాకా ఆగి, “పప్పు పోద్దామా?” అంది. మళ్లీ ఆగింది. పప్పు ఏ ఇంట్లోనైనా ఉంటుంది సార్, మీరు తొందరపడకుండా కూర్చోవాలి అంది. ఇది సెన్సరీ కాదా మరి? దీనికి బంతుల తొట్టి దేనికి? ఆ కాసేపు ఇంట్లో ఫోన్లు పక్కన పడేస్తే చాలదా?

ఇక అధికారుల సంగతి. స్పీచ్ థెరపీ చేసేవాళ్లు భారత పునరావాస మండలిలో రిజిస్టర్ అయి ఉండాలని 1992 చట్టం చెబుతోంది. కాకుండా చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలు! వాళ్లకది ఒకటి రెండు సెషన్ల ఫీజు. అదైనా వేయాల్సినవాళ్లు మీ ఫొటోలో కత్తెర పళ్లెం పక్కన నవ్వుతూ నిలబడి ఉన్నారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను పరీక్షించాలి. మాటలు ఆలస్యం కావడం కూడా అందులో ఉంది. జిల్లా సత్వర చికిత్స కేంద్రంలో స్పీచ్ థెరపిస్టు ఉండాలి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు వేరే. బోర్డులకేం తక్కువ లేదు. నేను వెళ్లిన ఒక మండలంలో గదికి తాళం వేసుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పే దిక్కు లేదు.

ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ లాంటివి ఉన్న పిల్లలకు నిరామయ బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చులతో సహా వస్తుందని ఏ ఆఫీసులో ఎవరు చెబుతున్నారు? వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కోసం తిప్పడం మాత్రం బాగా తెలుసు. ఉదయగిరి, సీతారామపురం లాంటి మెట్ట మండలాల నుంచి కూలి పోగొట్టుకుని, బిడ్డను చంకనేసుకుని నెల్లూరు దాకా వచ్చే తల్లి ఏ బోర్డును నమ్మాలి? రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె పట్టుకునే తల్లిని నేను తప్పుపట్టను, అది ఆమె నమ్మకం, అక్కడ గ్యారంటీ అని రసీదు ఎవరూ ఇవ్వరు. డబ్బు తీసుకుని గ్యారంటీ అనేవాళ్లనే నిలదీయాలి.

మీ పత్రికకూ ఒక మాట. జిల్లా పేజీలో పడిందంటే ఊళ్లో దానికో విలువ ఉండేది. ఇప్పుడు పైన కథనం, కింద అదే కేంద్రం ప్రకటన. ప్రకటనైతే ప్రకటన అనే వేయండి. వార్తే అయితే అక్కడ పనిచేసేవాళ్లు ఏం చదివారో, మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఎంతో కూడా రాయండి. పనిలో పనిగా జిల్లాలో స్పీచ్ థెరపిస్టు పోస్టులు ఎన్ని మంజూరయ్యాయో, ఎన్ని ఖాళీగా ఉన్నాయో వైద్య ఆరోగ్యశాఖను అడిగి అచ్చువేయండి.

— ఒక పాఠకుడు, బుచ్చిరెడ్డిపాళెం