చంపినవాళ్ల కంటే రాసినవాళ్లే ఎక్కువ రోజులు జైల్లో ఉన్నారు

గౌరవనీయులైన భారత విదేశాంగ మంత్రి గారికి,

నమస్కారం. మా తాత శ్రీకాకుళం నుంచి బర్మాలోని రంగం (ఇప్పటి యాంగోన్) వెళ్లి కూలి చేసుకున్న మనిషి. 1942లో జపాన్ బాంబులు పడుతుంటే అడవుల వెంట నడిచి ఇల్లు చేరాడు. దారిలో ఏం చూశావు తాతా అంటే మాట మార్చేసేవాడు. ఎవరూ గట్టిగా అడిగి రాసుకోలేదు. ఆయనతోనే పోయింది.

అదే బర్మాలో, అంటే ఇప్పటి మయన్మార్‌లో, అడిగి రాసుకున్న ఇద్దరి సంగతి మీకు గుర్తుచేయాలని ఈ ఉత్తరం.

2017 సెప్టెంబర్ 2న రఖైన్ రాష్ట్రంలోని ఇన్‌దిన్ ఊళ్లో పదిమంది రోహింగ్యా (అక్కడి మైనారిటీ ముస్లిం తెగ) మగవాళ్లను చంపి ఒకే గుంతలో పూడ్చారు. వాళ్లలో చేపలు పట్టేవాళ్లున్నారు, దుకాణందార్లున్నారు, బడి పిల్లలు కూడా ఉన్నారు. రాయిటర్స్ వార్తాసంస్థ విలేకరులు వా లోన్, క్యావ్ సో ఊ ఆ ఊరికి వెళ్లి బౌద్ధులతోనే మాట్లాడారు. గుంత తవ్వినవాళ్లే నోరు విప్పారు. ఫొటోలు ఇచ్చింది కూడా ఆ ఊరి బౌద్ధ పెద్ద ఒకాయనే. ఒక ఫొటోలో పదిమందీ వరసగా మోకాళ్ల మీద కూర్చుని ఉంటారు. ఇంకోదాంట్లో గుంతలో శవాలు. నేను 30 ఏళ్లు పేపరు డెస్కులో ఫొటోలకు క్యాప్షన్లు రాశాను. ఆ మొదటి ఫొటోకు ఇప్పటికీ ఒక్క లైను రాయలేను.

వార్త అచ్చు కాకముందే, డిసెంబర్ 12న, పోలీసులు వాళ్లను యాంగోన్‌లో ఒక రెస్టారెంటుకు పిలిచి చుట్టగా చుట్టిన కాగితాలు చేతిలో పెట్టారు. బయటికి రాగానే అరెస్టు! ఇది కావాలని పన్నిన వల అని ఒక పోలీసు కెప్టెనే కోర్టులో చెప్పాడు. ఆయనకు ఏడాది జైలు పడింది, కుటుంబాన్ని పోలీసు క్వార్టర్స్ నుంచి వెళ్లగొట్టారు. విలేకరులకు ఏడేళ్ల శిక్ష వేశారు. వా లోన్ జైల్లో ఉండగానే ఆయనకు కూతురు పుట్టింది. 511 రోజుల తర్వాత, 2019 మే 7న, క్షమాభిక్షతో బయటికొచ్చారు. ఆ హత్యలకు పదేళ్ల శిక్ష పడిన ఏడుగురు సైనికులు మాత్రం ఏడాది కూడా నిండకుండానే ఇంటికెళ్లిపోయారు.

ఇంకో సంగతి. విలేకరుల మీద పెట్టిన అధికార రహస్యాల చట్టం 1923 నాటిది. బర్మా అప్పుడు మన బ్రిటిష్ ఇండియాలో భాగం. అదే ఏడాది చేసిన చట్టం మన దగ్గరా ఇంకా అమల్లోనే ఉంది. దాని గురించి మరోసారి రాస్తాను.

ఇక అసలు విన్నపం. మయన్మార్‌లో 2011 నుంచి జరిగిన ఘోరాలకు సాక్ష్యాలు పోగుచేయడానికి ఐక్యరాజ్యసమితి ఒక దర్యాప్తు సంస్థను పెట్టింది. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో ఆఫ్రికా దేశం గాంబియా మయన్మార్ మీద వేసిన కేసు ఉంది. మయన్మార్ అప్పటి సైన్యాధిపతి మిన్ ఆంగ్ లైంగ్ మీద అరెస్టు వారెంటు ఇమ్మని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ప్రాసిక్యూటర్ 2024 నవంబర్‌లో అడిగారు. వీటన్నిటికీ కావాల్సింది సాక్షులు. వాళ్లలో కొందరు హైదరాబాద్ బాలాపూర్‌లోనే ఉన్నారు సార్. రఖైన్‌లో 2012 అల్లర్ల తర్వాత ఇల్లూ వాకిలీ వదిలేసి వచ్చినవాళ్లు.

కిందటి నెల అక్కడ రేకుల షెడ్డులో ఒక ముసలాయన ప్లాస్టిక్ కవర్లోంచి శరణార్థి కార్డు తీసి చూపించాడు. దానికింద ఇంకో కాగితం ఉంది, మడతల దగ్గర చిరిగిపోయింది. కాలిపోయిన తన ఊళ్లో ఎవరి ఇల్లు ఎక్కడుండేదో పెన్సిల్‌తో గీసుకున్న పటం అది. ఎవరికైనా చూపించారా అని అడిగితే, అడిగినవాళ్లు లేరన్నాడు.

2018 అక్టోబర్‌లో మనం ఏడుగురు రోహింగ్యాలను మణిపూర్‌లోని మోరే సరిహద్దు దగ్గర మయన్మార్ చేతికి అప్పగించాం. వెనక్కి పంపడం హోం శాఖ పని అని మీరనవచ్చు, నిజమే. కానీ ఐక్యరాజ్యసమితితో మాట్లాడేది మీ శాఖే కదా. ఆ దర్యాప్తు బృందాన్ని బాలాపూర్ రానివ్వండి. వాంగ్మూలం ఇచ్చినవాళ్ల పేర్లు బయటికి పొక్కకుండా చూడండి. ఆ పని పూర్తయ్యేదాకా సాక్షుల్లో ఎవరినీ సరిహద్దు దాటించకుండా హోం శాఖకు ఒక ఉత్తరం రాయండి. దీనికి మనం కొత్త ఒప్పందాల మీద సంతకాలు పెట్టక్కర్లేదు. ఒక గది, నమ్మకమైన ఒక దుబాసీ ఉంటే చాలు.

ముసలాయనకు డెబ్బై దాటాయి. త్వరగా పంపండి సార్.

ఇట్లు,
ఒక మాజీ సబ్ఎడిటర్,
హైదరాబాద్